మెక్కడం అన్న మాట

ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ తువాళ్ళూ ఉతికే ఆ కర్మాగారంలో ఎవరికైనా దెబ్బ తగిలితే విచారణ చేసి కాగితం రాసే పని ఒకాయనది. ఇరవై ఆరేళ్ళుగా ఆయనే రాస్తున్నాడు. అందుకని అందరూ వెనకాల ఆయన్ని కాగితాలాయన అనేవారు. మొదట్లో ఆ మాట చెవిన పడితే మనసు చివుక్కుమనేది. తర్వాత్తర్వాత ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని పక్కకి చూసేవాడు.

పదవీ విరమణకి ఇంకా రెండేళ్ళుంది. మోకాళ్ళు మాత్రం అప్పుడే రిటైరైపోయాయి. కడుపులో మంట వల్ల కారమూ పులుపూ మానేసి ఆరేళ్ళు దాటింది. ఆయన గది బాయిలరు గోడని ఆనుకుని ఉంటుంది. ఏ కాలంలోనైనా ఆ గోడ వెచ్చగానే ఉంటుంది, బల్ల మీది కాగితాల అంచులు ఎండుటాకుల్లా పైకి లేచి ఉంటాయి. విచారణ ఫారంలో 'ప్రమాదానికి కారణం' అన్నచోట మూడు గళ్ళుంటాయి: యంత్రలోపం, కార్మికుల నిర్లక్ష్యం, ఇతరములు. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కువసార్లు గీత పెట్టింది రెండో గడిలోనే. తడి నేల మీద జారినవాళ్ళు, తోపుడుబండి చక్రం కింద వేలు పెట్టినవాళ్ళు, వేడి గొట్టాన్ని మరిచిపోయి ఆనుకున్నవాళ్ళు, అందరూ ఆ గడిలోకే వెళ్ళారు. మొదట్లో ఆ గీత పెట్టేముందు కాసేపు ఆలోచించేవాడు. ఈ మధ్య ఆలోచించడం కూడా ఒక పనిలాగే అనిపిస్తోంది.

ఆ మంగళవారం పడిపోయింది ఏడో నంబరావిడ. ఏడో నంబరు అంటే ఆవిడ నిలబడే యంత్రం. తడి దుప్పటిని రెండు అంచులూ పట్టుకుని అందిస్తే, పెద్ద పెద్ద వేడి రోలర్లు దాన్ని లోపలికి లాక్కుని అవతలివైపు పొడిగా, ఒక్క ముడత లేకుండా వదులుతాయి. పద్నాలుగేళ్ళుగా ఆవిడ పని ఆ అంచులు అందించడమే. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి దుప్పటితో పాటు ఆవిడా ముందుకి వాలిపోయింది. పక్కనున్న అమ్మాయి యంత్రాన్ని ఆపే ఎర్ర మీట నొక్కింది కాబట్టి మూడు వేళ్ళు కాలడంతో పోయింది.

బుధవారం పొద్దున్న మొదటి సాక్షిగా మడత బల్ల దగ్గర పనిచేసే పెద్దమ్మ వచ్చింది. అక్కడ అందరికీ ఆవిడ పెద్దమ్మే, మేనేజరుకి కూడా. కుర్చీలో కూర్చోమంటే కూర్చుంది గానీ, చేతులకి పనిలేక ఒళ్ళో కొంగునే నాలుగు మడతలు వేస్తూ చెప్పింది.

"ఆ పిల్ల మీట నొక్కింది కాబట్టి సరిపోయింది సార్. లేకపోతే యంత్రం చెయ్యంతా మెక్కేసేదే."

ఆయన 'చేయి లోనికి పోవు ప్రమాదముండెను' అని రాసుకున్నాడు.

"కళ్ళు తిరిగాయా ఆవిడకి?"

"తిరగవా మరి? మధ్యాహ్నం తిండి మానేసి పన్నెండు రోజులైంది. ఇంట్లోంచి అయిదింటికి బయల్దేరుతుంది, అప్పుడేం తింటుంది? డబ్బా తెచ్చుకుంటుంది, మూత తియ్యకుండా పట్టుకెళ్ళిపోతుంది. నేను అడిగాను. ఆకలి లేదు పెద్దమ్మా అంది. ఆ మనిషికి ఆకలి లేకపోవడం ఏంటి సార్, నేను చూడనిదా."

"మరెందుకు మానేసింది?"

పెద్దమ్మ తలుపు వైపు చూసింది. "చెప్తే మీరు రాస్తారు కదా."

"రాస్తాను. రాయడానికే ఉన్నాను."

"మాట పడింది సార్. సూపర్‌వైజరు అన్నాడు, అన్నాలగదిలో అందరి ముందూ. ఇంకా మెక్కుతూనే ఉన్నావా, అని."

కాగితాలాయన కలం ఆగిపోయింది. చెప్పుల అరుగుదల గురించీ, నిద్ర చాలకపోవడం గురించీ, తెగిన బెల్టుల గురించీ ఎన్నో రాశాడు. ఒక మాట మనిషిని తీసుకెళ్ళి యంత్రం మీద పడేసిందని ఎలా రాయాలో తెలీలేదు.

సూపర్‌వైజరు ఆ సాయంత్రం వచ్చాడు. నలభై దాటిన భారీ మనిషి. మూటలు దించే పనిలో చేరి పైకొచ్చినవాడు, నడుం నెప్పికి బెల్టు కట్టుకుని తిరుగుతాడు. వస్తూనే ఒప్పేసుకున్నాడు.

"అన్నాను సార్. అబద్ధం ఎందుకు. కానీ అది తిట్టా? మేం తొమ్మిదిమంది పిల్లలం. పెట్టేముందు మా అమ్మ 'మెక్కండిరా' అనేది, పెట్టాక 'మెక్కారా' అనేది. తిన్నారా అని ఎప్పుడూ అడిగినట్టు గుర్తులేదు. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఎవరినోటైనా ఆ మాట వింటే నాకు ఆకలేస్తుంది."

"అది మీ అమ్మగారు మీతో అన్నమాట. ఏడో నంబరావిడకి మీరు అమ్మ కాదు కదా."

"అది నిజమే." నడుం బెల్టు సర్దుకున్నాడు. "ఆ రోజు రెండు లారీలు ఒకేసారి వచ్చాయి. విరామం అయిపోయిన గంట కొట్టి మూడు నిమిషాలైంది. అందరూ లేచారు, ఆవిడ తల వంచుకుని తింటోంది, గబగబా. నవ్వుతూనే అన్నాను సార్."

"నవ్వారా?"

"నవ్వాననుకుంటాను." సూపర్‌వైజరు నుదురు రుద్దుకున్నాడు. "నవ్వేంత ఓపిక ఉందో లేదో గుర్తు లేదు."

కాగితాలాయన ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే భార్య కంచం పెట్టింది. మెత్తటి అన్నం, చప్పటి కూర. ఆరేళ్ళుగా అదే. ఆవిడ ముప్ఫై ఏళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పింది. మాట ఎక్కడ తప్పుగా పడినా ఎర్రసిరాతో దిద్దినట్టు చూస్తుంది.

"మెక్కడం అంటే ఏంటి?" అన్నాడు ముద్ద కలుపుతూ.

ఆవిడకి నవ్వొచ్చింది. "మీకెందుకు దాంతో పని? మీరు మెక్కి ఎన్నేళ్ళయింది."

"ఆఫీసు పని మీద అడుగుతున్నాను."

"ఆఫీసుల్లో మెక్కేది వేరు. అది అన్నం కాదు." ఆవిడ ఎదురుగా కూర్చుంది. మొహంలో నవ్వు తగ్గింది. "ఆకలేసినవాడు తింటే, మనకి వాడంటే జాలి ఉంటే, ఆవురావురుమని తిన్నాడంటాం. జాలి లేకపోతే మెక్కాడంటాం. తొందరలో తింటే కుక్కుకున్నాడంటాం. మరీ కోపమొస్తే గతికాడంటాం, అప్పుడింక వాడు మనిషి కాదు. గిన్నె అదే, అన్నం అదే."

"మా సూపర్‌వైజరు వాళ్ళమ్మ ప్రేమగా అనేదట."

"అంటారు, ఎందుకనరు. తను వండి, తను పెట్టి, తను తినకుండా కూర్చున్నావిడ అంటే ఆ మాటకి ఇంకో రుచి. పెట్టనివాడు అంటేనే గుచ్చుకుంటుంది." మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపి అంది, "ఇంతకీ అనిపించుకున్నదెవరు?"

చెప్పాడు. ఆవిడ కంచం తీస్తూ, "వాళ్ళింటికెళ్ళి అడగండి, గదికి పిలిపించకండి" అంది.

శుక్రవారం వెళ్ళాడు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. మెట్లు నిటారుగా ఉన్నాయి. పైకి చేరేసరికి మోకాళ్ళు పట్టేసి, గుమ్మంలోనే గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఏడో నంబరావిడ కంగారుపడి ఎడమచేత్తో కుర్చీ లాగింది. కుడిచేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు. భర్త సరుకుల బండి నడుపుతాడు, ఆ వేళకి రాడు. గది శుభ్రంగా ఉంది. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఆ పూట పొయ్యి ఎక్కినట్టు లేదు.

"భోంచేశారా?" అన్నాడు. అడగాలనుకున్నది అది కాదు, కానీ ముందు అదే వచ్చింది.

"పక్కింటివాళ్ళు రొట్టెలు ఇచ్చారు సార్. ఎడమచేత్తో వంట కుదరడం లేదు."

ఆయన ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పన్నెండు రోజులు తినలేదట. సూపర్‌వైజరు అన్నమాటకేనా?"

"ఆయన మీద ఏమీ రాయకండి సార్."

"భయపడకండి. ఆయన ఒప్పుకున్నాడు."

"భయం కాదు సార్." ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కుంది. కింద కొట్లో ఎవరో చక్రం తిప్పి చూస్తున్న చప్పుడు వస్తోంది. "ఆయన అన్నందుకు నాకు కోపం రాలేదు. నాకో తమ్ముడున్నాడు సార్."

ఆయన కలం మూత పెట్టేశాడు.

"తొమ్మిదేళ్ళ కిందట వాడి పని పోయింది. ఒంటరివాడు, గది ఖాళీ చేసి ఎవరి దగ్గరో పడుకునేవాడు. మధ్యాహ్నం పూట మాత్రం మా ఇంటికి వచ్చేవాడు. నాలుగు నెలలు వచ్చాడు. తల వంచుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు తినేవాడు. మా ఆయన ఒక్కమాట అనలేదు. నేనూ అనలేదు. ఒకరోజు నేను రెండు డ్యూటీలు వరసగా చేసి వచ్చాను. నిలబడే ఓపిక లేదు. గిన్నెలో ఉన్నది ఒక్కరికి సరిపోతుంది. వాడొచ్చాడు. పెట్టాను. పెడుతూ అన్నాను, మెక్కడానికి మాత్రం వేళకి వస్తావు, అని."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ముద్ద మళ్ళీ కంచంలో పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. వస్తానక్కా అని వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో పని దొరికింది, బాగానే ఉన్నాడు. ఏడాదికోసారి వస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే చెప్పేస్తాడు, తినేసి వచ్చానక్కా, అని. ఎంత పొద్దున్నే వచ్చినా అదే మాట. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప వాడేమీ ముట్టుకోలేదు."

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు, అలిసిపోయినట్టు తుడుచుకుంది.

"అన్నది నేనే కదా, ఆ మాట వినడానికి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు సార్. ఆ రోజు సూపర్‌వైజరు అన్నప్పుడు నోట్లో ముద్ద ఉంది. మింగుడు పడలేదు. వాడికి ఇలా ఉందన్నమాట అనుకున్నాను. మర్నాడు డబ్బా ముందు కూర్చుంటే చెయ్యి ఎత్తలేకపోయాను. అలవాటు తప్పింది, అంతే. ఇందులో ఆయన తప్పేముంది. మీరు ఏదో ఒకటి రాసేయండి. నిర్లక్ష్యం అని రాసేయండి, మా వాళ్ళందరికీ అదే రాస్తారు కదా."

ఆ చివరిమాటలో ఎత్తిపొడుపు లేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆయన్ని సలిపింది కూడా అదే.

మర్నాడు మేనేజరు పిలిచి కాగితం ఎక్కడిదాకా వచ్చిందని అడిగాడు. "తినకుండా వచ్చి యంత్రం దగ్గర నిలబడితే నిర్లక్ష్యం కాక ఏమిటండీ? రెండో గడి. సోమవారానికి పంపెయ్యండి."

నిజమే, రెండో గడిలో గీత పెట్టడానికి అర నిమిషం చాలు. ఆయన తన గదిదాకా వెళ్ళి, తలుపు తియ్యకుండా నిలబడి, వెనక్కి తిరిగి అన్నాలగది వైపు నడిచాడు. ఇరవై ఆరేళ్ళలో భోజనం వేళ ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు. ఆయన డబ్బా ఆయన గదిలోనే తింటాడు.

తలుపు పక్కన నిలబడి చేతిగడియారం చూసుకున్నాడు. గంట మోగింది. యాభైమంది ఒకేసారి వచ్చారు. చేతులకి సోడా, బ్లీచింగు అంటుకుని ఉంటాయి కాబట్టి కడుక్కోకుండా తినడానికి వీల్లేదు. కుళాయిలు రెండు. వరస గది చుట్టూ తిరిగి ఆయన కాళ్ళదాకా వచ్చింది. మొదటివాళ్ళు డబ్బాలు తెరిచేసరికి మూడు నిమిషాలు. చివరన నిలబడినావిడ, ఆరో నంబరో ఎనిమిదో నంబరో, కూర్చునేసరికి పదకొండు. ఆవిడ కూర్చోగానే తినడం మొదలుపెట్టింది. అందరూ అలాగే తింటున్నారు. మాటల్లేవు. చెంచాల చప్పుడు, మూతల చప్పుడు, గొంతులో అడ్డుపడి ఎవరో దగ్గిన చప్పుడు. పక్కవాళ్ళ డబ్బా వైపు ఎవరూ చూడటం లేదు. ఒకాయన నిలబడే తింటున్నాడు, కూర్చుని లేవడానికి పట్టే టైము కూడా మిగుల్చుకుంటున్నట్టు. పెద్దమ్మకి పళ్ళు సరిగ్గా లేవు, నములుతున్నట్టు దవడలు ఆడించి మింగేస్తోంది. కాగితాలాయన్ని చూసి సిగ్గుపడి మూత సగం మూసింది. ఆయన తల తిప్పుకున్నాడు.

పద్దెనిమిదో నిమిషానికి సగంమంది లేచారు. టోపీలు పెట్టుకుని యంత్రాల దగ్గరికి నడవడానికి రెండు నిమిషాలు కావాలి.

గదికొచ్చి ఫారం తీశాడు. మూడో గడిలో గీత పెట్టాడు. 'ఇతరములు' పక్కన ఒక్క వరస చోటే ఉంది, అందుకని వేరే కాగితం తీసుకుని రాశాడు. సూపర్‌వైజరు అన్నమాటా రాశాడు, ఆ మాట వెనక తిట్టాలన్న ఉద్దేశం లేదనీ రాశాడు. తమ్ముడి సంగతి రాయలేదు. అది ఆవిడ సొంత విషయం. తర్వాత ఇలా రాశాడు: 'విరామము ఇరువది నిమిషములు. కుళాయిలు రెండే ఉన్నందున చివరి వరుసవారికి తినుటకు మిగులునది ఏడు నిమిషములు. ఏడు నిమిషములలో ఎవరూ తినరు, మెక్కుతారు. ఇది వారి స్వభావము కాదు. మనము వారికి ఇచ్చిన సమయము.'

'మెక్కుతారు' కొట్టేసి 'త్వరగా భుజింతురు' అని రాశాడు. చదువుకుంటే పెళ్ళిభోజనం గురించి రాసినట్టుంది. దాన్నీ కొట్టేసి మళ్ళీ మొదటి మాటే రాశాడు.

సోమవారం కాగితం తిరిగొచ్చింది. మేనేజరు ఆ మాట చుట్టూ గుండ్రంగా గీశాడు. ఆయన ఇంకో శుభ్రమైన కాగితం మీద అదే ఎత్తిరాసి పంపాడు. బుధవారం మళ్ళీ తిరిగొచ్చింది. ఈసారి మేనేజరే గదికి వచ్చాడు.

"ఆఫీసు కాగితంలో రాసే మాటేనా ఇది? మీరు ఇన్నేళ్ళ సర్వీసు ఉన్నవారు."

"జరిగింది అదే సార్. వేరే మాట నాకు దొరకలేదు."

"పైవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. చదివినట్టవుతుంది."

మేనేజరు వెచ్చటి గోడకి ఆనబోయి, చురుక్కుమనేసరికి ఇవతలికి జరిగాడు. ఎదురుగా ఉన్న మనిషి వాదించడం లేదు, ప్రాధేయపడటం లేదు. మళ్ళీ పంపితే మళ్ళీ రాసేలా ఉన్నాడు, అంతే. అలాంటివాళ్ళతో ఏం చేస్తాం. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

పైనుంచి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. విరామం పెంచడం కుదరదన్నారు. గోడ పొడవునా ఇంకో నాలుగు కుళాయిలు పెట్టించుకోవచ్చన్నారు. కుళాయిలవాళ్ళు వచ్చి రెండు రోజుల్లో బిగించి వెళ్ళారు. ఒకటి మొదటి వారంలోనే కారడం మొదలుపెట్టింది. అయినా వరస ఇప్పుడు తలుపు దాకా రావడం లేదు. ఎవరూ కాగితాలాయనతో ఏమీ అనలేదు. పెద్దమ్మ మాత్రం ఒకరోజు ఎదురుపడి, "నములుతున్నాను సార్" అని వెళ్ళిపోయింది.

సూపర్‌వైజరు అంతకుముందే ఒకసారి ఏడో నంబరావిడ ఇంటికి వెళ్ళొచ్చాడు. ఒక్కడే వెళ్ళడానికి మొహం చెల్లక పెద్దమ్మని వెంటబెట్టుకెళ్ళాడు. అక్కడ ఏం జరిగిందో పెద్దమ్మే చెప్పింది. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు నడుం నెప్పి గురించి మాట్లాడాడట. చివరికి, "మరి గంట కొట్టాక ఏమని పిలవాలమ్మా?" అని అడిగాడట. "లే అంటే చాలు సార్" అందట ఆవిడ. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చిందట.

ఆవిడ మూడో నెలలో పనిలోకి వచ్చింది. రెండు వేళ్ళు పూర్తిగా వంగవు. రోలర్ల దగ్గర వద్దని డాక్టరు రాస్తే పెద్దమ్మ పక్కన మడత బల్ల దగ్గర వేశారు. తువాళ్ళు మడవడం అరచేత్తో అయిపోతుంది. ఆ మొదటిరోజు కాగితాలాయన ఆవిడ చేత 'పనికి హాజరు' కాగితం మీద సంతకం చేయించుకోవడానికి వెళ్ళాడు. ఆవిడ ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టింది.

"ఇంట్లో వంటా అదీ ఎలా?" అన్నాడు.

"ఇప్పుడు ఫరవాలేదు సార్. మొదట్లోనే." ఒక తువాలు మడిచి పక్కన పెట్టింది. "చెయ్యి కాలిందని తెలిసి మా తమ్ముడొచ్చాడు. అయిదు రోజులున్నాడు. వాడే వండాడు. ఉప్పు ఎక్కువేస్తాడు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాడు. "తిన్నాడా?"

"నాకు పెట్టేదాకా కూర్చోలేదు. తర్వాత వంటగదిలోకి వెళ్ళేవాడు. నేను లేచి చూడలేదు. చూస్తే ఆపేస్తాడేమోనని." ఇంకో తువాలు అందుకుంది. "గిన్నెలు మాత్రం ఖాళీగానే ఉండేవి."

"ఆ పాత సంగతేమైనా అడిగారా?"

"రెండుసార్లు నోటిదాకా వచ్చింది సార్. వాడు బాగా అలిసిపోయి ఉన్నాడు. బస్సులో వచ్చి, ఇంటి పనంతా చేసి. ఎప్పుడైనా అడుగుతాను. మళ్ళీ నెల వస్తానన్నాడు."

బయట లారీ వెనక్కి వస్తున్న చప్పుడయింది. సూపర్‌వైజరు నడుం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, మూటలు దించేవాళ్ళకి చెయ్యి ఊపుతున్నాడు. తువాళ్ళ గుట్ట బల్ల మీద ఆవిడ భుజం దాకా ఉంది. పెద్దమ్మ దాన్ని రెండుగా చీల్చి చిన్న భాగం ఆవిడ వైపు తోసింది. ఆవిడ పెద్దదాన్ని తనవైపు లాక్కుంది. కాగితాలాయన కాసేపు వాళ్ళ చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బాయిలరు పక్కగా, మోకాలు నొప్పి పెట్టని కాలు ముందు వేసి, మెల్లగా తన గది మెట్లెక్కాడు.